పది నెలల చక్రవర్తి

"సంతకం పెట్టెయ్ వజీరా. సొత్తు దొరికింది, దొంగ దొరికింది. ఇక నువ్వు చేసేదేం లేదు" అన్నాడు అంజిబాబు.

నేనింకా చెప్పులు కూడా విప్పలేదు. దుబాయ్ కరామాలో డాక్టర్ జాన్‌బాబు గారి ఫ్లాట్ గుమ్మంలోనే ఉన్నాను. శుక్రవారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్న మనిషిని ఫోన్ చేసి లేపింది మా ఇన్సూరెన్సు కంపెనీ ముదీర్, అంటే మేనేజరు. పొద్దున పోయిన డాక్టరుగారి నాణెం అప్పుడే దొరికిందట, వెళ్ళి ఒక సంతకం పెట్టి వస్తే చాలట. ఒక్క సంతకం కోసం బిర్యానీ ముందు నుంచి లేపితే ఒళ్ళు మండదూ?

"కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి సార్" అన్నాను.

అంజిబాబును సార్ అనడం పాత అలవాటు. గుంటూరు జిల్లాలో నేను ఎస్సైగా ఉన్నప్పుడు ఆయన మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్. దొంగ ఎవరో ముందు తేల్చేసుకుని, సాక్ష్యం తీరిగ్గా వెతుక్కునే రకం. ఎవరి కారణాలతో వాళ్ళం ఉద్యోగాలు వదిలి దుబాయ్ చేరాం. నేను ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు నిజమో కాదో తేలుస్తాను. ఆయన ఒక ఎగ్జిబిషన్ సంస్థకు సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్. డాక్టరుగారి నాణెం వచ్చే వారం వాళ్ళ ప్రదర్శనకే వెళ్ళాలి. ఊరు మారినా, దేశం మారినా ఆయన గొంతులోంచి ఆ సర్కిల్ ఇన్‌స్పెక్టరు మాత్రం దిగిపోలేదు.

హాల్లో మరో ముగ్గురున్నారు. పడక్కుర్చీలో డాక్టరుగారు, ఎడమ కంటికి తెల్లటి కట్టుతో. మొన్ననే ఆపరేషన్ అయింది. కుడి కంటికి శుక్లం ముదిరిపోయి మనిషి నీడ తప్ప ఏమీ ఆనదు. గుప్పిట్లో ఏదో పట్టుకుని గుండెకు ఆనించుకుని ఉన్నారు. భోజనాల బల్ల దగ్గర కుర్చీలో నర్సు ఫేబా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆమె వెనకాల అంజిబాబు తెచ్చిన గార్డు భూమేశ్, నిజామాబాద్ వైపు నడివయసు మనిషి, ఎటు చూడాలో తెలియక ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఎక్కడ దొరికింది సార్?"

"ఈవిడ హ్యాండ్‌బ్యాగులో. పక్క జిప్పులో టిష్యూ కాయితం చుట్టి పెట్టుకుంది."

"తీసిందెవరు?"

"నేనే."

"తీస్తుంటే చూసిందెవరు?"

"నేనే చూశానంటున్నాగా."

"డాక్టరుగారికి కళ్ళు కనిపించవు. భూమేశ్ చూశాడా?"

"నేను కింద బండి కాడ ఉన్న మేడం" అన్నాడు భూమేశ్. అంజిబాబు అతని వైపు కొరకొరా చూశాడు.

"ఫేబా చూసిందా?"

"ఆవిడ్ని వంటింట్లో కూర్చోబెట్టి వెతికాను. దొంగ ఎదురుగా బ్యాగు వెతుకుతామా?"

"దొంగ ఎదురుగానే వెతకాలి సార్. పంచనామాకి ఇద్దరు సాక్షులు కావాలని ట్రైనింగులో మాకు చెప్పింది మీరే."

"ఇది నీ నరసరావుపేట కాదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడేలోపు ఈవిడ పోలీసుల చేతిలో ఉంటుంది. నువ్వు సంతకం పెట్టినా, పెట్టకపోయినా."

నేను కుర్చీ లాక్కుని ఫేబా ఎదురుగా కూర్చున్నాను. తలెత్తి సూటిగా చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"నేను తియ్యలేదండి. అది నా బ్యాగులోకి ఎలా వచ్చిందో నాకు తెలవదండి."

"ఏ ఊరు మీది?"

"రాజోలు దగ్గరండి."

"పొద్దున్నుంచీ ఏం జరిగిందో వరసగా చెప్పు."

"సార్ కంట్లో చుక్కలేశానండి. నాణెం ఇవ్వమ్మా, కాసేపు పట్టుకుంటానన్నారు. బీరువాలోంచి తీసిచ్చానండి. చుక్కల సీసా అయిపోవచ్చిందని కింద ఫార్మసీకెళ్ళాను. నే వచ్చేసరికి షర్మిల గారూ, బాబూ, లింగవ్వ గారూ అబుదాబి బయల్దేరిపోయారండి. సారేమో బాల్కనీలో ఫోన్లో ఉన్నారు. ఫోను పెట్టేసి వచ్చి బల్ల మీద తడుముకుంటా, ఫేబా, వెట్రానియో ఏడమ్మా అన్నారండి. ఎంత వెతికినా కనపడకపోతే ఎగ్జిబిషన్ వాళ్ళకి ఫోన్ చేశారు, ఈ సార్ వచ్చారండి."

షర్మిల డాక్టరుగారి కూతురు. పురుడు పోసుకోవడానికి తండ్రి దగ్గరికి వచ్చి, ఈ పొద్దున్నే రెండు నెలల బాబును తీసుకుని అబుదాబిలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉన్న తన ఇంటికి తిరిగి వెళ్ళింది. లింగవ్వ డాక్టరుగారి ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న పనిమనిషి. బాబు వెంట ఆమె కూడా వెళ్ళింది. వెట్రానియో అంటే ఆ నాణెం మీదున్న రోము చక్రవర్తి. డాక్టరుగారు దాన్ని నాణెం అనరు, పేరు పెట్టే పిలుస్తారు.

"ఈ కేసు మీద పడితే నీకేం పోతుంది?" అని ఉన్నదున్నట్టు అడిగాను.

"ఆదివారం అల్ ఐన్‌లో ఆసుపత్రిలో జాయినవ్వాలండి. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాను. పోలీసు కేసుంటే ఆ లైసెన్సు ఉండదండి. ఇక్కడ పోతే ఇంకే దేశంలోనూ నర్సుగా తీసుకోరు. చేతికొచ్చిన పని అదొక్కటేనండి నాకు."

ఆ పిల్ల నాకు నచ్చింది. పరిశోధన చేసేవాళ్ళకు అలా నచ్చకూడదు, నిజమే. నచ్చింది, ఏం చేయను?

డాక్టరుగారి వైపు తిరిగాను. "బీరువాలో ఉండాల్సిన నాణెం బల్ల మీదికి ఎందుకొచ్చింది సార్?"

"నా తప్పేనమ్మా. కంటి మందు జిగురు వేళ్ళకంటింది, దానికీ అంటింది. సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. అంతలో ఎగ్జిబిషన్ వాళ్ళ ఫోను. ఈ గదిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు, బాల్కనీలోకి వెళ్ళాను."

"ఆరబెట్టింది దేని మీద?"

"గుడ్డ మీద. చేతికందిన మెత్తటి నూలు గుడ్డ, మడత పెట్టి ఉంది."

బల్ల చూశాను. నీళ్ళ జగ్గు, మందుల డబ్బా, అంజిబాబు సిగరెట్ పెట్టె. గుడ్డ లేదు. బల్ల కింద లేదు. వంటింట్లో ఆరేసిన వాటిలో లేదు. ఫేబా బ్యాగు అడిగి తీసుకుని బల్ల మీద బోర్లించాను. బైబిలు, దువ్వెన, గ్లూకోజ్ బిస్కెట్లు, బస్సు టికెట్లు. గుడ్డ అందులోనూ లేదు.

"సార్, మీరు నాణేన్ని టిష్యూ కాయితంలో చూశానన్నారు. గుడ్డ ఏమైంది?"

"గుడ్డెవడికి కావాలి?" అన్నాడు అంజిబాబు.

"నాకు కావాలి. దొంగ నాణెం తీసుకుంటే గుడ్డ ఇక్కడే ఉండాలి. గుడ్డతో సహా పట్టుకుపోతే బ్యాగులో ఉండాలి. రెండు చోట్లా లేదు."

"ఇదే నీతో వచ్చిన గొడవ. ఏనుగు ఎదురుగా నిలబడితే నువ్వు చీమల కాళ్ళు లెక్కపెడతావు."

నేను గది చుట్టూ చూశాను. సోఫా పక్కన ప్లాస్టిక్ బుట్ట కనిపించింది. చంటిపిల్లవాడి గుడ్డలు. తెల్లటి పాత పంచెలు చింపి, ఉతికి, చదరాలుగా మడిచి పెట్టారు. తయారుగా కొన్న న్యాపీలు ఎన్ని వచ్చినా, మన ఆడవాళ్ళకు పాత పంచె మెత్తదనం మీదే నమ్మకం. అన్నిటికన్నా కింద సగం చింపిన పంచె ఒకటి ఉంది. పైకి తీశాను. ఒక పక్క అంచు పొడవునా కొత్తగా చింపి ఉంది, పోగులు వేలాడుతున్నాయి. నాలుగు వేళ్ళ వెడల్పున, నిలువునా ఒకే పీలిక.

నాలుగు వేళ్ళ వెడల్పు పీలిక ఏ పిల్లాడికి న్యాపీ అవుతుంది? అది నడుముకు చుట్టేందుకు చింపింది. మా చిన్నాన్న కొడుకు షావలి పుట్టినప్పుడు మా అమ్మ హుస్సేనమ్మ అచ్చం ఇలాంటి పీలికే చింపి, రూపాయి బిళ్ళ పెట్టి, వాడి పొట్ట చుట్టూ కట్టింది. బొడ్డు పైకి ఉబకకుండా.

"డాక్టరుగారూ, మీ మనవడికి బొడ్డు ఉబ్బుతుందా?"

అంజిబాబు పగలబడి నవ్వాడు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు.

"ఏడ్చినప్పుడల్లా నిమ్మకాయంత పైకొస్తుందమ్మా. దానంతటదే సర్దుకుంటుంది. అయినా లింగవ్వ ఊరుకుంటుందా? దిర్హం బిళ్ళ పెట్టి కట్టింది. చర్మం కందిపోయి దద్దురు లేచింది. ఫేబా, నేను ఇద్దరం చివాట్లు పెట్టి విప్పించాం."

"మళ్ళీ అడగలేదా?"

"రోజూ అడుగుతూనే ఉంటుంది. నిన్న కూడా..." అని ఆగిపోయారు. గుప్పిట మెల్లగా కిందికి దిగింది. "నిన్న బంగారం సంగతేదో అంది. బంగారం అయితే దద్దురు రాదు సారూ, ఒక బంగారు బిళ్ళ ఇయ్యుండ్రి అంది. నేను రేడియోలో వార్తలు వింటున్నాను. సరేలే, సరేలే అన్నాను."

"ఈ బుట్ట పొద్దున ఎక్కడుంది?"

"బల్ల మీదే ఉన్నట్టుందండి. బాబుకి స్నానం చేయించాక లింగవ్వ గారు గుడ్డలు మడతపెట్టి అక్కడే పెట్టారు" అంది ఫేబా.

అంజిబాబు నవ్వు ఆపి ముందుకొచ్చాడు. "వజీరా, నాణెం డాక్టరుగారి చేతిలో ఉంది. కళ్ళెదురుగా. ఇంక పసిగుడ్డు బొడ్డు మీద ఏముంటుంది? నీకు మతి పోయిందా?"

"అదే చూద్దామంటున్నాను."

డాక్టరుగారి చేత షర్మిలకు ఫోన్ చేయించాను. విషయం చెప్పవద్దన్నాను. ఫోన్లో చెబితే, తర్వాత అంజిబాబు మేమే నేర్పామంటాడు. బాబు బట్టలు మార్చకుండా, ఒళ్ళు తుడవకుండా, ఉన్నపళంగా లింగవ్వతో సహా రమ్మన్నాం. షర్మిల కంగారు పడింది. తండ్రి గొంతు విని, ఇంకేమీ అడక్కుండా బయల్దేరుతున్నానంది.

అంజిబాబు ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వచ్చినప్పుడల్లా ఫేబా కుర్చీ దగ్గర ఆగి, వంగి, "నిజం చెప్పేస్తే నీకే మంచిది. అసలు సంగతి చెప్పు" అంటున్నాడు. దొరికాక ఇంకా చెప్పాల్సిన అసలు సంగతి ఏముంటుందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. చిరాకులో ఆలోచించలేదు.

"ఇంతకీ ఎవరు సార్ ఈ వెట్రానియో?" అని డాక్టరుగారిని అడిగాను. అబుదాబి నుంచి వాళ్ళు రావాలంటే ఎంత లేదన్నా గంటన్నర. ఆ పిల్ల అలా బిగుసుకుని కూర్చోవడం చూడలేకపోతున్నాను.

ఆయన ముఖం విచ్చుకుంది. "క్రీస్తు శకం మూడు వందల యాభై అమ్మా. రోము రాజ్యానికి పడమట మాగ్నెంటియస్ అనే సేనాని చక్రవర్తిని చంపించి తనే కిరీటం పెట్టుకున్నాడు. చనిపోయినవాడి అన్న కాన్‌స్టాంటియస్ తూర్పుకు చక్రవర్తి. పర్షియాతో యుద్ధంలో ఎక్కడో దూరాన ఇరుక్కున్నాడు. ఇద్దరికీ మధ్య డాన్యూబ్ నది వైపు సైన్యానికి పెద్ద ఈ వెట్రానియో. ముసలివాడు. జీవితమంతా గుడారాల్లోనే గడిచింది. చదువు లేదు. కాన్‌స్టాంటియస్ తోబుట్టువే ఈయనకు కబురు పెట్టిందంటారు. నువ్వు కిరీటం పెట్టుకో, ఆ హంతకుణ్ణి ఇటు రానివ్వకు అని. మార్చి ఒకటిన సైన్యం ఆయన్ని చక్రవర్తిని చేసింది."

"ఆ వయసులో అక్షరాలు దిద్దుకోవడం మొదలెట్టాడటండి. చక్రవర్తయ్యాక" అంది ఫేబా. ఆపరేషన్‌కు ముందు నుంచీ రోజూ ఆయనకు పుస్తకం చదివి వినిపించేది ఆమే. "నేను పరీక్ష రెండోసారి తప్పినప్పుడు సార్ ఈ కథే చెప్పారండి. తెల్లారి పుస్తకాలు మళ్ళీ తీశాను."

"తర్వాత?" అని అడిగింది నేను కాదు. భూమేశ్.

డాక్టరుగారు అతని వైపు తిరిగారు. "కొన్నాళ్ళు ఇటూ అటూ ఊగాడు. ఒకప్పుడు కాన్‌స్టాంటియస్ పక్షం, ఒకప్పుడు ఆ హంతకుడితో మంతనాలు. చివరికి కాన్‌స్టాంటియస్ సైన్యంతో వచ్చాడు. డిసెంబరు ఇరవై అయిదు. ఒకటే మైదానం, రెండు సైన్యాలు, ఒకటే వేదిక మీద ఇద్దరు చక్రవర్తులు. ముందు కాన్‌స్టాంటియస్ మాట్లాడాడు. మీరు మా నాన్న చేతి అన్నం తిన్నవాళ్ళు, ఆయన పిల్లలకు అన్యాయం జరగనివ్వమని ఒట్టేసినవాళ్ళు అని గుర్తుచేశాడు. కత్తి దూయలేదు. మాట అయ్యేసరికి వెట్రానియో సైన్యం కూడా కాన్‌స్టాంటియస్ పేరే అరిచింది. పది నెలల రాజ్యం ఒక్క ప్రసంగంతో అయిపోయింది. ముసలాయన తనే కిరీటం తీసేసి, ఊదారంగు వస్త్రం తీసేసి, కాళ్ళ మీద పడ్డాడు."

"తల తీసిండ్రా సారూ?"

"అదేనయ్యా అందరూ అనుకునేది. ఆ కాలంలో దిగిపోయిన చక్రవర్తికి చావు తప్పేది కాదు."

"తియ్యలేదండి" అంది ఫేబా భూమేశ్‌తో. "లేవనెత్తి, నాన్నా అని పిలిచి, చెయ్యి పట్టుకుని భోజనానికి తీసుకెళ్ళాడండి. ప్రూసా అనే ఊళ్ళో ఉండటానికి అన్నీ అమర్చాడు. ఆరేళ్ళు హాయిగా బతికి, మంచం మీద పోయాడు. ఇంత సుఖం నాకిచ్చి నువ్వెందుకు వద్దనుకుంటున్నావని ఆ కాన్‌స్టాంటియస్‌కే రాశాడటండి."

భూమేశ్ తల ఊపాడు. బాల్కనీలోంచి వస్తూ అంజిబాబు ఆ చివరి ముక్క విన్నాడు. "చరిత్ర పాఠాలు జైల్లో చెప్పుకోవచ్చు" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మగ్రిబ్‌కు ఇంకా కాస్త వ్యవధి ఉండగానే తలుపు చప్పుడైంది. షర్మిల ముందు, బాబును ఎత్తుకుని లింగవ్వ వెనక. లింగవ్వకు యాభై దాటి ఉంటాయి. ఫేబాను చూడగానే చూపు దించేసుకుంది. నేను సోఫా మీద దుప్పటి పరిపించి, బాబును పడుకోబెట్టమన్నాను.

"లింగవ్వా, నిన్నెవరూ ఏమీ అనరు. బాబు నడుముకు ఏం కట్టావో విప్పు."

"ఏం కట్టలే అమ్మా" అంది. చెయ్యి మాత్రం బాబు పొట్ట మీదకే పోయింది.

"అందరూ చూస్తుండగా నువ్వే విప్పాలి. ఫేబా బతుకు దీని మీద ఉంది."

లింగవ్వ ఫేబాను చూసింది, ఫేబా వెనక నిలబడ్డ గార్డును చూసింది. ఏదో అర్థమైనట్టుంది. చొక్కా పైకి లాగి, పీలిక ముడి విప్పి, మడతలు తీసింది. బాబు కాళ్ళు ఝాడిస్తున్నాడు. ఆఖరి మడత కింద నూలు గుడ్డ, గుడ్డ మధ్యలో బంగారు నాణెం. దాని మీద గడ్డం ఉన్న ముసలి ముఖం, తల చుట్టూ ఆకుల దండ.

షర్మిల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఫేబా కుర్చీలోంచి లేచింది. ఈసారి భూమేశ్ ఆపలేదు.

"సారే ఇచ్చిండు కదమ్మా" అంది లింగవ్వ. "నిన్న అడిగితె సరే అన్నడు. పొద్దుగాల సూస్తె పోరని గుడ్డ మీద బంగారు బిళ్ళ పెట్టి ఉన్నది. మా దిక్కు పెద్దోళ్ళు పసిపోరనికి బంగారం ఇస్తె చేతికియ్యరు, గుడ్డ మీదనే పెడ్తరు. తాత ఇచ్చిండు అనుకున్న. ఫేబమ్మ సూస్తె మల్ల తిడ్తదని సప్పుడు చెయ్యకుంట కట్టిన. సారు దగ్గర ఏదో రోము రాజుది బిళ్ళ ఉన్నదని విన్న. ఇదే అది అని నాకేం ఎరుక?"

నిజంగానే ఎలా తెలుస్తుంది? ఆమె లెక్కలో అది తాత మనవడికి ఇచ్చిన బంగారం. మేమంతా కలిసి దానికి పదహారు వందల ఏళ్ళ చరిత్ర తగిలించాం.

"అది నకిలీ. ఎక్కడో బజార్లో కొన్న బిళ్ళ అయి ఉంటుంది" అన్నాడు అంజిబాబు. ఫోను బల్ల మీద పెట్టి దగ్గరికి వచ్చాడు. కళ్ళు మాత్రం ఆ నాణెం మీద నుంచి తిప్పుకోలేకపోతున్నాడు.

"డాక్టరుగారే చెబుతారు" అన్నాను.

ఆయన కుడి అరచేతిలో ఉన్నది అలాగే ఉంచి, ఎడమ అరచేతిలో బాబు పొట్ట మీది నాణెం పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన రెండు చేతులూ మెల్లగా పైకీ కిందికీ ఆడించారు. ఒక్కో అంచు చుట్టూ బొటనవేలు తిప్పారు.

"ఇదీ వెట్రానియో" అని ఎడమ చెయ్యి ఎత్తారు. కట్టు లేని కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఆ కుడి చేతిలోది తేలిక. లోపల వెండో, ఇంకేదో. దొరికిందన్న సంతోషంలో తూకం కూడా చూసుకోలేదమ్మా. ఫేబా, ఎక్కడున్నావ్? పొద్దున నీ గురించి ఒక్క మాటయినా గట్టిగా చెప్పలేకపోయాను. నన్ను క్షమించు."

ఫేబా వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "కంటికి తడి తగలకూడదండి. ఏడవకండి" అంది. తనేమో ఏడుస్తూనే ఉంది.

నేను అంజిబాబు వైపు తిరిగాను. "ఇప్పుడు చెప్పండి సార్. అసలు నాణెం పసివాడి పొట్ట మీద అబుదాబి దాకా వెళ్ళి వచ్చింది. మరి ఫేబా బ్యాగులోంచి మీరు తీసిన ఈ రెండో వెట్రానియో ఎక్కడిది? ఇలాంటి నకిలీ ఒక్క పూటలో తయారు కాదు. నాణెం పోకముందే ఇది మీ దగ్గరుంది."

"నాకేం తెలుసు? ఆవిడ బ్యాగులో ఉంది, తీశాను. భూమేశ్, పద."

భూమేశ్ కదిలాడు. ఫేబా కుర్చీ వెనక నుంచి వెళ్ళి వీధి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆగుండ్రి సార్. మేడం అడుగుతుంది కద, చెప్పి పోదం."

"నేను నీ బాస్‌ని."

"అవును సార్. ఆ బ్యాగు ఎతుకంగ నన్ను కిందికి పంపింది గూడ మీరే."

అంజిబాబు జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడే బల్ల మీద ఆయన ఫోను మోగింది. దానికి దగ్గరగా ఉన్నది నేనే. తెర మీద పేరు లేదు, అంకెలే ఉన్నాయి. ఆ అంకెలు నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం నన్ను కంచం ముందు నుంచి లేపింది ఆ నంబరే.

అంజిబాబు చెయ్యి చాచేలోపే ఫోను తీసి, మాట్లాడకుండా, అందరికీ వినపడేలా స్పీకరు నొక్కాను.

"అంజీ, వజీరా నే సైన్ కియా క్యా? నర్స్ కుఛ్ బోలీ? అస్లీ వాలా కహాఁ ఛుపాయా?"

మా ముదీర్ గొంతు. వజీరా సంతకం పెట్టిందా, నర్సు నోరు విప్పిందా, అసలుది ఎక్కడ దాచిందట అని అడుగుతున్నాడు. బ్యాగులో దొరికింది అసలుది కాదని ఆ ఆఫీసులో కూర్చున్న మనిషికి ముందే తెలుసు.

పోయిన నెల పాలసీ ఫోటోల కోసమని ఈ నాణెం వారం రోజులు మా ఆఫీసులో, ముదీర్ కేబిన్ లాకర్లో ఉంది. నకిలీ అక్కడే తయారైంది. వచ్చే వారం ప్రదర్శనలో రెండింటినీ మార్చేయాలని వాళ్ళ పథకం. అసలుది ముందే మాయమయ్యేసరికి, ఫేబాయే తీసిందని నమ్మి, నకిలీతో ఆమెను ఇరికించి, బెదిరించి అసలుది రాబట్టుకుందామనుకున్నారు. ఆ లాకరు దాకా నాణేన్ని భద్రంగా మోసుకెళ్ళి ఇచ్చింది మాత్రం నేనే.

"అస్లీ మేరే పాస్ హై, సార్" అన్నాను, అసలుది నా దగ్గరే ఉందని.

అవతల లైను తెగిపోయింది.

"తెలిసి ఏం చేస్తావ్?" అన్నాడు అంజిబాబు, గోడకు ఆనుకుని. గొంతులో పొగరు ఇంకా మిగిలే ఉంది. "నీ వీసా ఎవరి చేతిలో ఉందో మర్చిపోయావా? రేపు పొద్దునకల్లా నిన్ను పనిలోంచి తీసేశామని కాయితం పుట్టిస్తాడు. వారం తిరక్కుండా నువ్వు విమానంలో ఉంటావు. ఈవిడెలాగూ ఆదివారం అల్ ఐన్ పోతుంది. నీ తరఫున స్టేషన్లో నిలబడేదెవరు? ఈ కళ్ళు లేని ముసలాయనా?"

అన్నదంతా నిజమే. నా కఫీల్, అంటే నా వీసాకు పూచీదారు, ఆ కంపెనీయే. నేను ఫేబా వైపు చూశాను. ఆమెను ఇప్పుడు ఎవరూ పట్టుకోలేరు. బ్యాగు సర్దుకుని, మెట్లు దిగి, తన కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోవచ్చు. స్టేషన్‌కు వస్తే వాంగ్మూలాలు, ప్రశ్నలు, మళ్ళీ రమ్మనడాలు. ఎంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చిందో విన్నదాన్ని. రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

"నువ్వు వెళ్ళమ్మా. ఆదివారం నీ జాయినింగు" అన్నాను.

ఫేబా బల్ల దగ్గరికి వచ్చింది. బైబిలు, దువ్వెన, బిస్కెట్లు ఒక్కొక్కటీ బ్యాగులో వేసుకుంది. జిప్పు మూసింది. భుజానికి తగిలించుకుని అంజిబాబు ముందు నుంచే నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

"వెతికింది నా బ్యాగు కదండీ. అందులో ఏముందో, ఏం లేదో నేనే చెప్పాలి" అంది. "పదండి మేడమ్. ఆదివారానికి మధ్యలో శనివారం ఉంది."